రెండు రోజులు దాటని ఫిర్యాదు

ఉదయభాస్కర్‌కి మనుషులతో మాట్లాడటం రాదు. మనుషులతో ఎలా మాట్లాడాలో వ్యాసాలు రాయడం మాత్రం వచ్చు.

విజయవాడ వన్ టౌన్‌లో, హోల్‌సేల్ బట్టల కొట్ల పైన ఒక పాత మేడలో అతని ఆఫీసు. కనకవల్లి హోమ్ నీడ్స్ అనే కంపెనీకి కస్టమర్ కేర్ జనరల్ మేనేజరు. బెజవాడ మొదలుకుని ఉయ్యూరు, చల్లపల్లి మీదుగా సముద్రం అంచు దాకా ఫ్రిజ్‌లు, ఏసీలు, వాషింగ్ మిషన్లు అమ్మే కంపెనీ అది. అమ్మడం షోరూముల పని. అమ్మాక వచ్చే ఏడుపులు ఉదయభాస్కర్ పని. హాల్లో ఆడపిల్లలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఏడుపులు వింటుంటారు. అద్దాల గదిలో, తలుపు వేసుకుని, ఏసీ కింద కూర్చుని అతను "వినడం అనే కళ" గురించి రాస్తుంటాడు.

ఈ రాత జబ్బు తండ్రి నుంచి వచ్చింది. ఆయన ఉయ్యూరులో ఇంగ్లీషు మాస్టారు. ఒకసారి ఏదో దినపత్రికలో, ఉత్తరాల శీర్షికలో, బస్టాండు మురుగు మీద ఆయన రాసిన నాలుగు వాక్యాలు పడ్డాయి. దానికి ఫ్రేము కట్టించి హాల్లో దేవుడి పటాల పక్కన తగిలించారు. మురుగు మాత్రం అక్కడే ఉంది. ఆ ఫ్రేము కిందే అన్నం తిని పెరిగిన పిల్లాడికి, పేరు అచ్చులో పడితే చాలు, మురుగు సంగతి ఎవరూ అడగరని అర్థమైపోయింది.

పూణే నుంచి మూడు నెలలకోసారి ఒక పత్రిక వెలువడుతుంది. కస్టమర్ సేవల మేనేజర్ల కోసం మేనేజర్లే రాసుకునే పత్రిక. దాన్ని కస్టమర్లు చదవరు. చదివితే తాము ఇంత సుఖంగా ఉన్నామని అప్పుడే తెలిసి ఆశ్చర్యపోతారు. అందులో వ్యాసం పడినవాడికి ఆ రంగంలో పెద్ద గౌరవం. ఉదయభాస్కర్ అప్పటికే "చిరునవ్వు: ఒక పెట్టుబడి" లాంటివి పంపాడు. సొంత సంస్థలో జరిగిన అనుభవం లేదంటూ వాళ్లు తిప్పి పంపారు. ఈసారి అనుభవం పెట్టి రాయాలని పట్టుపట్టాడు.

అతని చేతిలో ఒక గొప్ప అనుభవం ఉంది మరి. కనకవల్లిలో ఏ ఫిర్యాదూ రెండు రోజులు దాటదు. ఇది ఉదయభాస్కర్ పెట్టిన రూలు. రెండో రోజు సాయంత్రానికి కంప్యూటర్లో ఫిర్యాదు మూసెయ్యాలి. మెకానిక్కు వెళ్లాడా, వస్తువు నడిచిందా అన్నది వేరే సంగతి. మూసిన మరుక్షణం కస్టమర్ ఫోనుకి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ పోతుంది. కస్టమర్ తిట్టుకుంటూ మళ్లీ ఫోన్ చేస్తే, అది కొత్త నంబరుతో కొత్త ఫిర్యాదు. దానికి మళ్లీ రెండు రోజులు. మూయలేకపోయిన పిల్లకు ఇన్సెంటివ్ కోత.

"ఎలిజబెత్, మన రికార్డుల్లో ఎక్కువసార్లు పరిష్కారం పొందిన కస్టమర్ ఎవరో తీయమ్మా. వ్యాసంలో ఉదాహరణగా పెడదాం," అన్నాడు ఒకరోజు.

ఎలిజబెత్ ఆ హాలుకి టీమ్ లీడరు. ఎంబీఏ చదివింది. వ్యాసాలు టైపు చేసేదీ, ఇంగ్లీషు సరిచేసేదీ ఆమే.

"చల్లపల్లి పద్మావతమ్మ గారండీ. పదకొండుసార్లు. కానీ సార్, అది..."

"పదకొండు! ఒక్క ఎండాకాలంలో! ఎంత నమ్మకం లేకపోతే అన్నిసార్లు మన దగ్గరికే వస్తుంది చెప్పు?"

"సార్, అవన్నీ ఒకే ఫ్రిజ్‌వండీ."

"అదే కదా. ఒకే ఫ్రిజ్‌కి అంత సేవ! రాసెయ్."

ఎలిజబెత్ రాసేసింది. ఇంకోసారి చెప్పి చూడొచ్చు. కానీ చెప్పినవాళ్లు ఆ హాల్లో ఎన్నాళ్లు ఉంటారో ఆమెకు తెలుసు.

వ్యాసం పంపిన నిమిషానికే పూణే నుంచి మెయిలు వచ్చింది: మీ వ్యాసం అందింది, మా పత్రికను ఎంచుకున్నందుకు కృతజ్ఞతలు. ఎవరు పంపినా మిషనే ఇచ్చే జవాబు అది. ఉదయభాస్కర్ దాన్ని ఎండీ మల్లికార్జునరావుకి పంపించాడు, పైన "కృతజ్ఞతలు తెలిపారండీ" అని ఒక ముక్క చేర్చి.

బెజవాడలో ఎవరికైనా ఏదైనా అయితే ముందు ఫ్లెక్సీ కడతారు. అయిందో లేదో తర్వాత కనుక్కుంటారు. తెల్లారేసరికి ప్రతి షోరూము ముందూ నిలువెత్తు ఉదయభాస్కర్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. "జాతీయ పత్రికలో మన ఆణిముత్యం" అని పెద్దక్షరాలు. ఆ వారంలోనే డీలర్లందరినీ హోటల్ హాలుకి పిలిచి సన్మానం చేశారు. మల్లికార్జునరావు శాలువా కప్పి, మైకు పట్టుకున్నారు.

"మన కంపెనీ పేరు పూణేలో మోగిందయ్యా! పుస్తకం చేతికి రాగానే, ఈ వేదిక మీదే, ఉదయభాస్కర్‌ని డైరెక్టర్‌ని చేస్తున్నా!"

చప్పట్లు. ఉదయభాస్కర్ కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల నౌకరీలో ఏ కస్టమర్ మాటకీ చెమర్చని కళ్లవి.

పదిరోజులు గడిచాక పూణే నుంచి అసలు మెయిలు వచ్చింది. వ్యాసం బాగుంది, అచ్చుకు ముందు మా పద్ధతి ప్రకారం ఇందులోని కస్టమర్‌తో ఫోన్లో మాట్లాడతాం, తెలుగు వచ్చిన మా సబ్ ఎడిటర్ భానుశ్రీ మాట్లాడుతుంది, నంబరు పంపండి.

ఉదయభాస్కర్‌కి ఆ పూట అన్నం సయించలేదు. రాత్రి భార్య శాంభవి దగ్గర మెల్లగా కదిపాడు.

"రెండు ముక్కలు మాట్లాడితే సరిపోతుంది. నేనే పద్మావతమ్మనని చెప్పు..."

శాంభవి స్కూల్లో లెక్కలు చెబుతుంది. మాట సూటిగా తగులుతుంది.

"నేనే పద్మావతమ్మనైతే మిమ్మల్ని ఈపాటికి ఉతికి ఆరేసేదాన్ని. మన వాషింగ్ మిషన్ ఆగిపోతే మీ కంపెనీకి ఫోన్ చేశారా? కొత్తపేట మెకానిక్ మరియదాసుని పిలిచారు. మీకే లేని నమ్మకం నన్ను నటించమంటారా?"

వేరే దారి లేక నంబరు పంపాడు. భానుశ్రీ ఫోన్ చేస్తానన్న రోజున, ఆమెకంటే ముందే చేరుకుందామని కారేసుకుని బయల్దేరాడు. సన్మానంలో మిగిలిన శాలువాల్లో ఒకటి పక్క సీట్లో పెట్టుకున్నాడు. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నంతసేపూ మాటలు వల్లె వేసుకున్నాడు. కస్టమర్ కేర్‌లో ఇన్నేళ్లు చేసి, ఒక కస్టమర్ ఇంటికి వెళ్లడం అతనికి ఇదే మొదటిసారి.

పద్మావతమ్మది చల్లపల్లి శివార్లలో రేకుల వసారా ఉన్న చిన్న డాబా ఇల్లు. భర్త పోయాక ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి, ఇడ్లీపిండి, దోసెలపిండి రుబ్బి అమ్ముతుంది. ఆ ఫ్రిజ్ కొన్నది పిండి కోసమే. గుమ్మంలో కారు ఆగగానే చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వచ్చావా నాయనా! ఇన్నాళ్లకి దారి కనపడిందా? రా, లోపలుంది. సామాన్ల సంచేది?"

"నేను మెకానిక్‌ని కాదండీ. జనరల్ మేనేజర్ని."

"అంటే బాగుచెయ్యడం రాదా?"

ఉదయభాస్కర్ శాలువా విప్పి ఆమె భుజాల మీద కప్పబోయాడు. ఆమె ఒక్క అంగ వెనక్కి వేసింది.

"ఈ ఎండలో దుప్పటేంటి నాయనా? నాకు చలెయ్యట్లేదు. ఫ్రిజ్‌కే చల్లదనం లేదు."

గోడ అవతల నుంచి పక్కింటావిడ కిసుక్కున నవ్వింది.

వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది పద్మావతమ్మ. లోపల పాత చీరలు మడతపెట్టి ఉన్నాయి. "ఎలకలు కొట్టకుండా ఉంటాయని పెట్టా. పిండి పొద్దున రుబ్బితే మధ్యాహ్నానికి పులిసిపోతంది. సగం గేదెలకి పోస్తన్నా. నాలుగు హోటళ్లు మానేశాయి. ఫోన్ చేస్తే మీ పిల్లలు పాపం మర్యాదగానే మాట్లాడతారు. ఎల్లుండి కల్లా బాగైపోయిందని మెసేజ్ వస్తది. మొదట్లో నిజమేననుకుని తీసి చూసేదాన్ని కూడా."

ఉదయభాస్కర్ జేబురుమాలుతో మెడ తుడుచుకుని, మరియదాసుకి ఫోన్ కలిపాడు. అవతలి జవాబు వంటింట్లో అందరికీ వినపడింది.

"కంప్రెసర్ పోయినట్టుంది సార్. అది వారంటీలో ఉంటది. నేను సీలు విప్పితే ఆ వారంటీ పోతది. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయించండి సార్."

చేసేది లేక, పద్మావతమ్మ ఫోన్ నుంచే కస్టమర్ కేర్‌కి చేశాడు. "మీ సంతృప్తే మా ఊపిరి" అని ఒక గొంతు పలికింది. అది తన గొంతే. రికార్డింగ్ రోజున మూడు చొక్కాలు మార్చుకుని మరీ చెప్పాడు. ఆ గొంతు ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, వేచి ఉండమంది, వీణ వినిపించింది. పద్మావతమ్మ ఈలోగా పొయ్యి మీద పాలు దించి, టీ పెట్టి, గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది.

"తాగు నాయనా. ఆ వీణ అయిపోడానికి ఇంకా టైముంది."

చివరికి ఎలిజబెత్ ఎత్తింది.

"అమ్మా, మీ ఫిర్యాదు నంబరు చెప్పండి."

"ఎలిజబెత్, నేను! ఇప్పుడే ఒక మెకానిక్‌ని చల్లపల్లి పంపించు."

"సార్, మీరా! మెకానిక్ లేడండీ. ఆ లైన్లో ఇద్దర్నీ తీసేశాం కదా. మన వ్యాసంలో కూడా రాశాం సార్, ఖర్చు తగ్గిస్తూ నాణ్యత పెంచడం అని."

ఫోన్ పెట్టేసి, గొంతు బాగా తగ్గించి, ఉదయభాస్కర్ చివరి మాట ఆడాడు. "అమ్మా, కాసేపట్లో పూణే నుంచి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది. కంపెనీ వాళ్లు పదకొండుసార్లూ బాగుచేశారని చెప్పండి. రేపే కొత్త ఫ్రిజ్ దింపిస్తా."

పద్మావతమ్మ ఆలోచనలో పడింది. ఆమె దేవత కాదు. ఎండాకాలం నడినెత్తిన ఉంది, పిండి పులుస్తోంది.

"కొత్తదా?"

"కొత్తది. పెద్దది."

"సరే. ముందు దింపించు, తర్వాత చెప్తా."

"ముందు చెప్పాలండీ. రేపు పొద్దున్నే..."

"రేపు అనే మాట మీ వాళ్లు చాలా చెప్పారు నాయనా."

అప్పుడే ఫోన్ మోగింది. చేతులకి పిండి ఉందని ఆమె స్పీకర్ పెట్టింది.

"పద్మావతమ్మ గారాండీ? నేను భానుశ్రీని, పూణే నుంచి. కనకవల్లి వాళ్లు మీ ఫిర్యాదు పదకొండుసార్లు పరిష్కరించారట కదా?"

"బాగుచేశారని చెబుదామనే ఉందమ్మా. చెప్తే కొత్త ఫ్రిజ్ ఇస్తానంటన్నారు ఈయన. ఫ్రిజ్ ముందా, మాట ముందా అనే దగ్గర ఆగాం."

"ఎవరండీ ఈయన?"

"ఉదయభాస్కర్ గారంట. టీ తాగుతున్నారు. మాట్లాడతావా అమ్మా?"

ఉదయభాస్కర్ టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడే ఫోన్లోంచి టింగుమని శబ్దం వచ్చింది. పద్మావతమ్మ మెసేజ్ చదివి, అవతలి పిల్లకి వినిపించింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అంట. చూశావా, ఈయన గ్లాసు ఇంకా కిందపెట్టలేదు, అప్పుడే అయిపోయింది."

వ్యాసం తిరిగొచ్చింది. మర్యాదగల పత్రిక కాబట్టి, ఉదాహరణ రుజువు కాలేదని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. మల్లికార్జునరావుకి కోపం వచ్చింది, అయితే ఫ్రిజ్ గురించి కాదు. "ఫ్లెక్సీలు కట్టించాను కదయ్యా! ఇప్పుడు జనానికి ఏం చెప్పమంటావ్?" అని అరిచారు. డైరెక్టర్ కుర్చీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఉదయభాస్కర్ బయటికొచ్చి, అరకొర సమాచారం ఇచ్చినందుకని ఎలిజబెత్‌కి మెమో ఇచ్చాడు. ఎలిజబెత్ దాన్ని చదివి, మడిచి, హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. పక్క పిల్ల తీసింది. ఆ పక్క పిల్లా తీసింది. హాలంతా ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తే దిక్కు లేదు. ఆ మోతకి దిగివచ్చిన మల్లికార్జునరావు విసుగ్గా ఒకటి ఎత్తారు. అవనిగడ్డ నుంచి ఎవరో ఏసీ కొన్నాయన, ఎండలో నిలబడి దాచుకున్న తిట్లన్నీ ఆయనకి అప్పజెప్పాడు. మధ్యాహ్నంలోపు మెమో చిరిగింది. రెండు రోజుల రూలు మాత్రం చిరగలేదు.

చల్లపల్లికి కంప్రెసర్ ఆ ఫోన్ వచ్చిన మర్నాడే, బెజవాడ నుంచి మెకానిక్‌తో సహా వెళ్లింది. ఒకామె ఎండాకాలమంతా మొత్తుకుంటే కదలనిది, పూణే నుంచి ఒక్క ఫోనుకి కదిలింది. ఈ దేశంలో కస్టమర్ మాటకి విలువ లేదని ఎవరంటారు? ఆ మాట ఊరు దాటి వెళ్లి, పెద్దవాళ్ల చెవిన పడి తిరిగొస్తే చాలు.

ఉదయభాస్కర్ ఇప్పుడు ఇంకో వ్యాసం రాస్తున్నాడు. పేరు "ఓటమి నేర్పిన వినయం". తలుపు వేసుకునే రాస్తున్నాడు. ఎలిజబెత్ టైపు చెయ్యనంది కాబట్టి, అచ్చుతప్పులతో సొంతంగా.

మొన్న గాలివానకి చల్లపల్లి షోరూము ముందు ఫ్లెక్సీ ఊడి కాలవ గట్టున పడింది. పద్మావతమ్మ దాన్ని తెచ్చి, కడిగి, డాబా మీద తిరగేసి పరిచి, వెనక తెల్లటి వైపు గుమ్మడి వడియాలు పెట్టింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"ఎవరిది వదినా ఆ ఫ్లెక్సీ?"

"మన టీ తాగిపోయినాయనది. పట్టా మందంగా ఉంది, వడియం అంటుకోట్లేదు. నీకూ కావాలా, షోరూము పక్క సందులో ఇంకోటి ఊగుతోంది."

"మనిషి దేనికైనా పనికొచ్చాడులే," అని పక్కింటావిడ నిచ్చెన కోసం వెళ్లింది.