వహీదా కల్పించిన సంగతి

జర్మనీలోని కీల్ నగరంలో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళు నెలకోసారి శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో కూడి, రాసుకొచ్చింది చదువుకుంటారు. అందరిలోకీ వహీదాదే మంచి చెయ్యి అని పెద్దాయన భాస్కర్ రావు గారు అంటుండేవారు. ఆమెది మిర్యాలగూడ, తెలుగు మీడియం చదువు. ఇక్కడ ల్యాబ్‌లో ఉద్యోగం. సాయంత్రాలు వంటగది బల్ల దగ్గర కూర్చుని కథలు రాసేది.

ఆ ఇంట్లో ఆమెతోపాటు ఫర్హా ఉండేది. వృద్ధాశ్రమంలో నర్సు. ఫర్హా చెల్లెలు ఇల్మా నల్లగొండలో డెంగీతో చనిపోయింది. పోయేరోజు అక్కకు మూడుసార్లు ఫోన్ చేసింది. "డ్యూటీ చేసొచ్చి పండుకున్న, వినపడలే" అని ఫర్హా అందరికీ చెప్పింది. వహీదాకూ అదే చెప్పి, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ సంగతి వహీదా కథగా రాసింది. పేర్లు మార్చింది, ఊరు మార్చింది. ఒక్కటి తనే కల్పించింది. కథలో అక్క నిద్రపోలేదు. చెల్లెలి మీద అలిగి, మోగుతున్న ఫోన్‌ని చూస్తూ చూస్తూ బోర్లించింది. లైబ్రరీలో చదివితే భాస్కర్ రావు గారు ఇంకోసారి చదివించుకున్నారు. ఒక వెబ్ పత్రిక వేసుకుంది.

వారం తిరక్కముందే ఫర్హా సామాను సర్దుకుని ఫ్లెన్స్‌బుర్గ్ వెళ్ళిపోయింది. ఫోన్ ఎత్తలేదు. నెల చూసి, వహీదా రైలెక్కి ఆమె కొత్తగా చేరిన ఆశ్రమానికి వెళ్ళింది. డ్యూటీ కోటుతోనే ఫర్హా గేటు దాకా వచ్చింది.

"నీకెట్ల తెల్సింది?" అంది.

"ఏంది?"

"నేను మెలకువతోనే ఉన్ననని. ఎవ్వలికీ చెప్పలే నేను. అమ్మకు గూడ."

వహీదా గేటు పట్టుకుంది. "నాకు తెల్వదు ఫర్హా. కథకు అట్లయితే బాగుంటదనుకున్న, అంతే."

"చుట్టాల పెండ్లి ఫొటోల నన్ను కత్తిరించి స్టేటస్ల పెట్టిందని ఇల్మా మీద కోపం. గంత చిన్నదానికి." ఫర్హా చేత్తో కళ్ళు తుడుచుకుంది. "నీ కథ అమ్మకెవరో చదివి వినిపించిన్రు. నిజంగ పండుకున్నవా బేటీ అని అడిగింది."

"ఏం చెప్పినవ్?"

"పండుకున్ననన్న. మళ్ళ అదే అబద్ధం."

"పత్రికోళ్ళను కథ తీసేయమంట."

"తీసేస్తే అమ్మ మర్శిపోతదా?" అని ఫర్హా లోపలికి వెళ్ళిపోయింది.

అడిగితే పత్రికవాళ్ళు కథ తీసేశారు. ఫర్హా మాత్రం మళ్ళీ మాట్లాడలేదు. వహీదా రాయడం మానలేకపోయింది. కానీ ఏ సన్నివేశమైనా తనంతట తాను కళ్ళకు కట్టిందంటే చెయ్యి ఆగిపోయేది. ఇది ఎవరింట్లో జరిగిందో, ఎవరు దాచుకున్నదో అని గుబులు.

మొన్న మే నెలలో భాస్కర్ రావు గారు "కొత్తది తెచ్చావా అమ్మా?" అంటే, తెచ్చింది చదవడం మొదలుపెట్టింది. చనిపోయిన భార్య గది తలుపు రోజూ పొద్దున్నే తట్టి, కాసేపు నిలబడి వెళ్ళే ముసలాయన కథ. అంతా ఊహే. రెండో పేజీలో తలెత్తి చూస్తే, ఆ రోజే కొత్తగా వచ్చిన వెంకటరామారావు అనే ఆయన కళ్ళజోడు తీసి తనవైపే చూస్తున్నాడు. ఫర్హా గేటు దగ్గర చూసిన చూపే అది.

వహీదా కాగితాలు మడిచేసింది.

"మిగతాది ఇంకా రాయలేదండీ" అంది. కథ ఆఖరి పేజీ దాకా ఆమె చేతిలోనే ఉంది.