నేను రాసిన సైకిల్ దారి అర్జీ

ఒక సోమవారం తెల్లారేసరికి మా కార్ఖానా ఏరియా మెయిన్ రోడ్డు పక్కన నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటికీ ఫుట్‌పాత్‌కీ మధ్య, రోడ్డు మీద తెల్ల రంగుతో వేసిన సైకిల్ బొమ్మ. కొన్నాళ్ళు పెట్టి చూస్తారట, బాగుంటే ఉంచుతారట. నాకు ఆ రోజు దాని మీద ఇష్టమూ లేదు, కోపమూ లేదు. నా పక్కన నడుస్తున్న స్నేహితురాలు మాత్రం ఆగిపోయి ఆ బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది.

మేమిద్దరం ఒకే మిషన్ స్కూల్లో పనిచేశాం. నేను తెలుగు, ఆమె లెక్కలు. భర్త ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషి, నాకంటే నాలుగేళ్ళు చిన్నది. ఆమె కూడా రిటైరయ్యాక రోజూ పొద్దున ఆరింటికి మా గేటు దగ్గర కలుసుకుని గంటసేపు నడిచేవాళ్ళం. కోడలి మీద విసుగు, మోకాలి నొప్పి, ముందు రోజు మాడిన కూర, ఆ గంటలో ఆమె నాకు చెప్పని సంగతి ఉండేది కాదు. మా ఆయన పోయాక నాతో అంతసేపు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

వారం తిరక్కుండానే కూతురి పాత సైకిల్ బాగు చేయించి తెచ్చుకుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిల్ బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేదట. "నువ్వూ నేర్చుకో అక్కా, నేను పట్టుకుంటాను కదా" అంది. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలకు సైకిల్ ఎందుకన్నారు. ఇప్పుడు ఈ వయసులో ఎందుకని నేనే అనేశాను.

మొదట్లో ఒక రోజు సైకిల్, ఒక రోజు నడక అంది. తర్వాత నడక మానేసింది. ఆ దారిలోనే నలుగురైదుగురు ఆడవాళ్ళు పరిచయమయ్యారు. అల్వాల్ నుంచి వచ్చే బ్యాంకు ఉద్యోగిని ఒకామె వాళ్ళందరికీ ముందుండి తొక్కేది. నేను ఒక్కదాన్నే ఫుట్‌పాత్ మీద పోతుంటే వెనక నుంచి గంట మోగేది.

"అక్కా! మేము బొల్లారం దాకా వెళ్ళొచ్చీసాం!"

ఎర్రబడిన ముఖంతో, చెమటతో, చిన్నపిల్లలా నవ్వుతూ వెళ్ళిపోయేది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పినదాన్ని. ఇన్నాళ్ళూ 'మనం' అన్న మనిషి 'మేము' అంటే అందులో నేను లేనని నాకెవరూ చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి కాఫీ పెట్టుకున్నాను గానీ తాగబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లోనే మందుల షాపతను నన్ను పిలిచాడు. షాపు ముందు బండ్లు ఆపే చోటు పోయిందని అతనికి మంట.

"ఏందీ పరేషాన్ మేడం! గిట్లయితే గిరాకీ ఏడికెల్లి వస్తది? తియ్యమని అర్జీ పెడదామనుకుంటున్నం. జెర మీరు రాసిస్తరా? మీ తెలుగు మంచిగుంటది."

రాశాను. ఆటోలు ఆగడానికి చోటు లేదనీ, పెద్దవాళ్ళు రోడ్డు దాటలేకపోతున్నారనీ, అంబులెన్స్ వస్తే దారేదనీ. అన్నీ నిజాలే. రాస్తున్నంతసేపూ నా కళ్ళముందు ఉన్నది మాత్రం ఆమె ఊదా రంగు హెల్మెట్. ఆదివారం చర్చి అయ్యాక ఆ కాగితం పట్టుకుని అపార్ట్‌మెంట్ల మెట్లెక్కి సంతకాలు పెట్టించాను. ఆమె ఉండే భవనానికి మాత్రం వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు లారీ వచ్చింది. పనివాళ్ళు కోన్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి లారీలోకి విసురుతుంటే, షాపతను అందరికీ చాయ్ పోయించాడు. నాకూ ఇచ్చాడు, తాగాను. సాయంత్రానికల్లా ఆ జాగా నిండా కార్లే.

మర్నాడు ఆరింటికి బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఇంటికే వచ్చింది. కుర్చీలో కూర్చుంది గానీ నేనిచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు.

"ఎందుకు తీసేశారని అడగడానికి మేము కంటోన్మెంట్ ఆఫీసుకెళ్ళాం. అర్జీ చూపించారు. ఇరవై ఏళ్ళు స్టాఫ్ రూములో నీ పక్క కుర్చీలో కూర్చున్నాను. నీ చేతిరాత నాకు తెలీదేటక్కా?"

నేను మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు ఇంకొంచెం జరిపాను.

"అంబులెన్స్ సంగతి నిజమే, ఒప్పుకుంటాను. నాతో ఒక్కమాట అనొచ్చు కదా?"

"అంబులెన్స్ కాదు," అన్నాను. "నువ్వు వాళ్ళతో పోతున్నావని. చూడలేకపోయాను."

"దానికి రోడ్డంతా తీయించీసావా?"

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. లేచి వెళ్ళిపోయింది.

నెల తర్వాత మళ్ళీ నడకకు వచ్చింది, వారానికి రెండు రోజులు. మాట్లాడుతుంది. కోడలి సంగతి మాత్రం చెప్పదు. ఆ సంగతి ఇప్పుడు ఎవరికి చెబుతోందో నాకు తెలుసు. వాళ్ళు సైకిళ్ళు మానలేదు, కంటోన్మెంట్ లోపలి రోడ్లకు మారారు.

పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఎదురుపడ్డారు. ఆమె బ్రేకు వేసి, కాలు కింద ఆనించి, వాళ్ళకు నన్ను చూపించింది.

"మా టీచరక్క. ఆ అర్జీ రాసింది ఈవిడే."

బ్యాంకు ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "నమస్తే ఆంటీ. మస్తు రాసిండ్రు. చదివితే నాకు సుత సంతకం పెట్టాలనిపించింది," అంది.

అందరూ నవ్వారు. ముఖం మండిపోతున్నా నేనూ నవ్వాను. చెట్ల నీడలో ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, ఊదా హెల్మెట్ బ్యాంకు ఆమెకు ఎంత దగ్గరగా పోతోందో చూస్తూనే ఉన్నాను.