మబ్బును నమ్మి కోసిన కోడి

ఫ్రిజ్ తలుపు తీస్తే వెల్లుల్లి, ధనియాలు, శనగనూనె కలిసిన వాసన ముఖానికి కొడుతుంది. కోడిముక్కలకు ఉప్పు, పసుపు, కారం పట్టించి, నీరంతా ఇగిరేదాకా వేయించి డబ్బాలో పెట్టుకోవడం నాకు అలవాటు. ఈ వయసులో నేర్చుకున్న అక్షరాలతో మూత మీద ‘కోడి’ అని రాస్తాను. తర్వాత ఏ పూటకు ఏది కుదిరితే దానిలోకి, రొట్టెలోకో పులుసులోకో.

ఈ పద్ధతి మా అమ్మది. గార్లదిన్నె దగ్గర మా పల్లెలో తొలకరి ముంగారు మబ్బులు కమ్మి, గాలి నిలిచిపోయి, చీమలు గుడ్లు మోసుకుంటూ గోడ ఎక్కిన రోజున అమ్మ కోడిని కోసి, ముక్కలు వేయించి, మట్టికుండలో పెట్టి ఉట్టికెక్కించేది. వాన పడిన మరునాడే విత్తాలి. నేల పదును ఆరితే ఆ ఏడు వేరుశనగ పంట, మా చెనిక్కాయ, లేనట్టే. విత్తే రోజు పొయ్యి దగ్గర కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. మాకు ఎద్దులు లేవు. అమ్మకు వరసకు అన్న అయ్యే నరసప్ప మామ తన ఎద్దులు, గొర్రు తెచ్చి విత్తేవాడు. ఆయనకు కోడికూర పెట్టడం మా వైపు మర్యాద.

ఒక ఏడు అమ్మ ఇంట్లో ఉన్న ఒక్క పెట్టనూ కోసింది. మబ్బేమో గుత్తి వైపు తేలిపోయింది.

“మబ్బును నమ్ముకోని పెట్టను కోస్తివి. బతికుంటే గుడ్లన్నా పెడతాండె,” అన్నాడు నాయన.

“రేపొస్తాది లే. కుండలో చెయ్యి పెట్టాకండి,” అంది అమ్మ.

రేపు రాలేదు. పొద్దునా మాపూ కుండను సన్నని మంట మీద వెచ్చబెట్టినా, ఆ ఉక్కకు మాంసం ఎన్నాళ్లు నిలుస్తుంది? చెడకముందే కొంచెం కొంచెం తీసింది. ఒక పూట జొన్నరొట్టెలో నలిపి పెట్టింది, ఒక పూట ఎర్రగడ్డలు వేసి పులుసు కాచింది, పళ్లు లేని అవ్వకు మెత్తగా దంచి అన్నంలో కలిపింది. మాకు పూటపూటా పండుగే. అమ్మ మాత్రం మాకు వడ్డిస్తూ వాకిలి బయటి ఆకాశాన్ని చూసేది.

వాన పడేసరికి కుండలో నాలుగు ఎముకలు, అడుగున ఎర్రటి నూనె మిగిలాయి. అమ్మ ఆ నూనెలోనే వంకాయలు మగ్గించి, చెనిగ్గింజల పొడి కలిపి, ఎముకలతో సహా సట్టెడు పులుసు కాచింది. మరునాడు మామ వచ్చి విత్తితే మధ్యాహ్నానికి సగం చేనే అయింది. మామ అలిగి ఎద్దులు తోలుకుపోతే మిగతా సగం బీడే. అమ్మ సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసింది.

మామ వేలితో వెతికాడు. “ఏం చెల్లా, కోడి యాడికి పాయ?”

“నీ కోసరం చూసీ చూసీ కరిగిపాయ అన్నా. ఇంగోసారి వానను బిరీన తోలుకోని రా.”

మామ పొలమారేలా నవ్వాడు. “అట్లయితే ఆ కరిగిన కోడినే ఇంగో గరిటె పొయ్యి!”

పొద్దు గుంకకముందే చేనంతా విత్తడం అయిపోయింది.

ఇప్పుడు ట్రాక్టరు వచ్చి, గబగబా విత్తి వెళ్లిపోతుంది. తోలేవాడు మంచినీళ్లు కూడా అడగడు. ఉట్టి లేదు, వాకిట్లో పెట్టలు లేవు. అయినా మబ్బు పట్టిన రోజు ఆ డబ్బా తెరవనివ్వను.

“ఎవరికత్తా దాపెట్టేది?” అంటుంది కోడలు.

“వాన పడితే రేపెవురొస్తారో,” అంటాను.

ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు. ఆమె డబ్బాను లోపలికి జరిపి, వంకాయలు తీసుకుని తరగడానికి కూర్చుంటుంది.