జ్ఞానుల గుహలు చూసి దిగాక, గుమ్మఘట్ట దారిలో

మా నంద్యాల కాలనీలో ఆదివారం సాయంత్రం కొందరం ఆడవాళ్లం కూర్చుని చదువుకుంటాం. చదువు తక్కువ, వాదన ఎక్కువ, పకోడీలు మరీ ఎక్కువ. పోయిన నెల వాదన ‘జ్ఞానం అంటే ఏమిటి’ అన్న దగ్గర మొదలై ఎటూ తేలలేదు. తనను తాను తెలుసుకోవడమే జ్ఞానమని ఉపనిషత్తుల కాలం వాళ్లు చెప్పారు కదా అని ఒకరు. కాదు, ఉన్నది ఉన్నట్టు చూడడం, చూశాక ఎదుటివాడి బాధ తగ్గించడం అని బౌద్ధులన్నారు కదా అని ఇంకొకరు. మా మేరీ టీచరేమో, దేవుడంటే భయం ఉండడమే తెలివికి మొదలని పాతకాలం యూదులు నమ్మేవాళ్లని చెప్పింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే కాబట్టి, వచ్చే నెల దీని మీద మాట్లాడే బాధ్యత నా మెడకే చుట్టుకుంది. ఒప్పుకున్నాక భయం పట్టుకుంది. రాయదుర్గం కొండ మీద సిద్ధులు ఉన్న గుహలు, పాత జైన శిల్పాలు ఉన్నాయని విని ఉన్నాను. జ్ఞానులు కూర్చున్న చోటు కళ్లతో చూసొస్తే నా మాటకు కాస్త బలం వస్తుందని బయలుదేరాను.

ముందురోజు అనంతపురంలో లాడ్జిలో దిగి, పొద్దున ఐదింటికల్లా బస్టాండుకు వెళ్లాను. కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం బస్సుకు మూడు గంటలు పడుతుంది. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మగవాళ్లయితే నూట యాభై దాకా పెట్టుకోండి. కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోకండి, పొద్దుటి ఎండ అటే కొడుతుంది. దారి పొడుగునా చేన్లు దున్ని ఉన్నాయి, విత్తనం మాత్రం పడలేదు. ఈపాటికి వేరుశనగ మొలిచి పచ్చగా ఉండాల్సిన కాలం. పక్క సీట్లో పెద్దావిడను అడిగితే, “యాడమ్మా వాన? మోడం వస్తాండాది, మమ్మల్ని చూసి పోతాండాది,” అంది.

రాయదుర్గంలో దిగి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, ఖాదర్ బాషా అనే ఆయన ఆటోను రోజుకు తొమ్మిది వందలకు మాట్లాడుకున్నాను. నలభై ఐదేళ్లుంటాయి, నోరు ఊరుకోదు. ముందు కొండ, తర్వాత గుమ్మఘట్ట మీదుగా భైరవానితిప్ప డ్యాం, సాయంత్రానికి మళ్లీ బస్టాండు, అదీ ఒప్పందం. కొండ ఎక్కడానికి నాలాంటి మోకాళ్లకు గంట పైనే పట్టింది. గుహల రాతి వాకిళ్లు చాలా చిన్నవి. వంగితే తప్ప లోపలికి పోలేం. వంగినవాడికే జ్ఞానం అని రాసుకుందామనుకున్నాను, అంతలో నడుము పట్టేసి ఆ ఆలోచన అక్కడే వదిలేశాను. ఒక రాతి మీద గురువు కూర్చుని ఉన్నాడు, కింద శిష్యులు వింటున్నారు. ఎండ, గాలి ఇన్ని వందల ఏళ్లు అరగదీసినా ఆ శిష్యుల మొహాలు పైకెత్తి ఉన్నట్టే కనిపించాయి. అక్కడే నీడలో కూర్చుని చాలాసేపు రాసుకున్నాను.

కిందికి దిగేసరికి పదకొండు దాటింది. “ఏం దొరికిందమ్మా కొండ మింద?” అని బాషా అడిగాడు. అడిగిందే తడవుగా దారంతా నా ఉపన్యాసం ఆయన మీదే ప్రయోగించాను. ఏ ఒక్కరి చూపుకూ సత్యం మొత్తం అందదని జైనులు అనుకున్నారని చెప్పాను. నాకు తెలియదని తెలియడమే తెలివికి మొదటి మెట్టని గ్రీకులు అనుకున్నారని, వినడం వచ్చినవాడే జ్ఞాని అని ఈజిప్టులో అనుకున్నారని కూడా చెప్పాను. అంతా విని ఆయన, “మా జేజినాయన ఒగే మాట అనేటోడమ్మా. అడిగినోనికి దావ చెప్పాల, అడగనోనికి చెప్పగూడదు, అంతే అకల్, అంతే తెలివి,” అన్నాడు. అది నన్ను ఉద్దేశించి అన్నాడేమోనని కాసేపు నోరు మూసుకున్నాను.

గుమ్మఘట్ట దాటాక ఒక ఊళ్లో రోడ్డు పక్కనే పచ్చ రేకుల కొట్టు ఉంది. ఊరి పేరు రాయను, ఆ కొట్టు నడిపే నాగమ్మకు మాటిచ్చాను. రాగి ముద్ద, పప్పు, వేరుశనగలు నూరిన ఊరుబిండి కలిపి నలభై రూపాయలు. “పన్నెండు దాటితే ముద్ద దొరకదు, బిరీన పా,” అని బాషా తొందరపెట్టాడు. మేం వెళ్లేసరికి జనం ఉన్నారు, కానీ ఎవరూ తినడం లేదు. కొట్టుకు ఎదురుగా రచ్చకట్ట మీద పది పదిహేను మంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. పక్కన ట్రాక్టరు. దాని ట్రాలీలో గడ్డపారలు, పారలు, నాలుగైదు పాత టైర్లు. ఏదో రోడ్డు పనికి కాబోలు అనుకున్నాను. లోపల నాగమ్మ పొయ్యి ముందు నిలబడి ముద్ద కెలుకుతోంది. నలభై దాటిన మనిషి, గట్టి శరీరం. ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా పాత గుడ్డ చుట్టుకుంది, నిప్పు తగిలి కాలి ఉంటుందనుకున్నాను. ఆమె కళ్లు మాత్రం ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

ఏం జరుగుతోందని బాషాను అడిగాను. ఆయన బయటికి పోయి, ఎవరితోనో కన్నడం, తెలుగు కలిపి మాట్లాడి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది. “వాళ్లమ్మను తవ్వి తీసి కాల్చాలంటాండారమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి.

నాకు వెంటనే ఎక్కలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. నాగమ్మ తల్లి ఈరమ్మ పోయిన ఏడాది ఎండాకాలంలో చనిపోయింది. వాళ్ల చేను గట్టునే పూడ్చిపెట్టారు. ఆమెకు ఒంటి మీద బొల్లి మచ్చలుండేవి. బొల్లి ఉన్న మనిషిని పూడిస్తే ఆ నేల మీద వాన పడదని, పూడ్చి ఉంటే తీసి కాల్చాలని ఈ పక్క ఊళ్లలో ఒక నమ్మకం ఉందట. వాన రాలేదు. కాబట్టి ఈ మధ్యాహ్నం తీస్తారు. టైర్లు అందుకు.

ఇది ఏ కాలం? నా చేతిలో స్మార్ట్‌ఫోను ఉంది, ఆ మగవాళ్ల చేతుల్లోనూ ఉంది. ఒకతను అందులో వాన ఎప్పుడొస్తుందో చూస్తున్నాడు కూడా. అంతలో అరికాలి మంట నెత్తికెక్కింది. పోలీసులకు ఫోన్ చేస్తానని లేచాను. బాషా చెయ్యి అడ్డం పెట్టి, “ఆయమ్మను అడిగినావా? నువ్వు సాయంత్రం బస్సెక్కి పోతావు. ఆమె ఈడ్నే ఉండాల,” అన్నాడు. ఫోను చేతిలోనే పట్టుకుని రచ్చకట్ట దగ్గరికి వెళ్లి, ఇది తప్పు, ఇది నేరం, ఒక తల్లి శవం అని ఏదేదో అన్నాను. వాళ్లలో ఒకాయన కోపం కూడా తెచ్చుకోకుండా అడిగాడు. “యా ఊరమ్మా మీది?”

“నంద్యాల.”

“నీళ్లుండాయా ఆడ?”

“ఉన్నాయి.”

“అయితే పోయి తాగమ్మా. మాకు రెండేండ్లాయ పంట లేక. ఈ వారం గింజ పడకపోతే ఊరు వదిలి బెంగుళూరు పోవల్ల. మాకేం సంతోషమా ముసిలామెను తీసేకి?”

ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు ఇంకా భయమేసింది. దుర్మార్గుడైతే తిట్టి పోవచ్చు. ఆయన తన పిల్లల కోసం ఆ పని చేయబోతున్నాడు. ఎప్పటినుంచో పెద్దలు చెప్పిన మాట కదా, అదే వాళ్లకు జ్ఞానం.

అందరూ చూస్తున్నది తిప్పేస్వామి అనే పెద్దాయన వైపు. ఆ ఊళ్లో విత్తనం ఎప్పుడు వేయాలన్నా, పెళ్లికి ఏ రోజు పెట్టుకోవాలన్నా ఆయన్నే అడుగుతారట. ఆయన లెమ్మంటే ట్రాక్టరు కదులుతుంది. ఆయన ఆకు వక్క నములుతూ నేల చూపు చూస్తున్నాడు. అప్పుడు నాగమ్మ కొట్టులోంచి బయటికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను, కాళ్ల మీద పడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. అందరి ముందూ నిలబడి ఎడమ చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పింది.

మోచేతి దాకా తెల్లటి మచ్చలు.

“చూడండప్పా బాగా. రెండేండ్లాయ నాకు వచ్చి,” అంది. “ఈ చేత్తోనే రోజూ మీకు ముద్ద కట్టినా. మీ పిల్లోళ్లకు పెట్టినా. ఎవురికేమాయె? మా యమ్మను తీస్తే రేపు నన్నూ తీయల్ల గదా. అంతవరకూ యాల? టైర్లు ఉండనే ఉండాయి, ఇప్పుడే కాల్చండి.”

నలుగురైదుగురు లేచి వెనక్కి జరిగారు. ఇందాక నాతో మాట్లాడినాయన తన అరచేతులు చూసుకున్నాడు. ఆమె ఏం పోగొట్టుకుందో అప్పుడు నాకు అర్థమైంది. ఆ గుడ్డ ఉన్నంతవరకే ఆమెకు కొట్టు. తల్లి ఎముకల కోసం తన బతుకుతెరువును నడిరోడ్డు మీద పెట్టేసింది.

తిప్పేస్వామి ఆకు ఉమ్మేసి లేచాడు. ట్రాక్టరు నడిపే అతను తాళంచెవి తీశాడు కూడా. పెద్దాయన అటు పోలేదు.

“నేను మూడు తూర్లు తవ్వినా,” అన్నాడు. “మొదటి తూరి వాన వచ్చె. రెండో తూరి రాలే. మూడో తూరి మా చిన్నమ్మను తీసినాం. నన్ను ఎత్తుకొని సాకిన మనిషి. మొగం చూసినా. ఆ యేడు చుక్క పడలే. అపుడే తెలిసింది నాకు, దీనికీ దానికీ ఏం లేదని. తెలిసీ నోరు మూసుకున్యా. చెప్తే, అయితే మీ చిన్నమ్మను ఊరికే కాల్చినావా అంటారని.”

తవ్వడమే ఘోరమనుకుంటే, తప్పని తెలిసి ఇన్నేళ్లు మౌనంగా కూర్చోవడం అంతకంటే ఘోరంగా తోచింది. ఆ మనిషి మీద అసహ్యం, జాలి రెండూ ఒక్కసారే కలిగాయి. జనంలోంచి ఒకరు అడిగారు. “మరి వాన యాల రాలే, పెద్దాయనా?”

“నాకు తెల్దు,” అన్నాడాయన.

ఆయన నోట ఆ మాట ఆ ఊరు ఎప్పుడూ విన్నట్టు లేదు. రచ్చకట్ట దిగి, కొట్టులోకి నడిచి, బల్ల మీద కూర్చుని, “ముద్ద పెట్టు నాగమ్మా,” అన్నాడు. ఆమె గుడ్డ మళ్లీ చుట్టుకోలేదు. ఆ చేతినే తడి చేసుకుని ముద్ద కట్టి పెట్టింది. ఆయన తిన్నాడు, ఏడుస్తూ తిన్నాడు. బాషా కూడా పోయి పక్కన కూర్చున్నాడు. మిగిలినవాళ్లలో ఒక్కరూ లోపలికి రాలేదు, కానీ ట్రాక్టరు కూడా కదలలేదు.

నాగమ్మ నా ముందూ పళ్లెం పెట్టింది. ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉండొచ్చు, కానీ రాయకపోతే ఈ ప్రయాణం రాసి ప్రయోజనం లేదు. బొల్లి అంటదని నాకు తెలుసు. ఎవరు అడిగినా చెప్పగలను. ఆకలి కూడా దంచేస్తోంది. అయినా ముద్ద మీదికి వెళ్లిన నా చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. ఎవరో పట్టుకుని ఆపినట్టే ఆగింది. నాగమ్మ చూసింది. “పర్లేదులేమ్మా. అలవాటు కావల్ల,” అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ముద్ద వేడిగా ఉంది, ఊరుబిండి కారంగా ఉంది, మొత్తం తిన్నాను. డ్యాం చూడ్డానికి వెళ్లలేదు. ఐదింటి బస్సుకు తిరిగి వచ్చేశాను.

ఆదివారం మా బృందంలో మాట్లాడాను. కొండ మీద రాసుకున్నదంతా చెప్పాను. ఉపనిషత్తుల వాళ్లు, బౌద్ధులు, జైనులు, గ్రీకులు, ఎవరి మాటా నాకిప్పుడు కొట్టిపారేయాలని లేదు. కానీ వాళ్లంతా తెలుసుకోవడం గురించి అంత కష్టపడి ఎందుకు చెప్పారో నాకు గుహలో అర్థం కాలేదు, ఆ పళ్లెం ముందు అర్థమైంది. తెలిసింది తలలో ఉంటుంది, చేతిదాకా దిగదు. తిప్పేస్వామికి నోటిదాకా రావడానికి ఒక జీవితకాలం పట్టింది. నాగమ్మకైతే అలా ఆగే వీలే లేదు, అది ఆమె చేతి మీదే ఉంది. ఇది చెప్పాక మేరీ టీచరు, “నీ చెయ్యి ఆగడం ఆమె చూసిందా?” అని ఒక్కటే అడిగింది. చూసిందన్నాను. ఆ రోజు పకోడీలు మిగిలిపోయాయి.

నిన్న బాషాకు ఫోన్ చేశాను. వాన ఇంకా రాలేదట. సమాధి జోలికి ఎవరూ పోలేదట. టైర్లు మాత్రం ట్రాలీలోంచి దించి రచ్చకట్ట వెనకే ఉంచారట. అటు వెళ్లేవాళ్లకు ఒక చిన్న సూచన. పన్నెండు దాటితే ముద్ద దొరకదని పైన రాశాను కదా, అది ఇప్పుడు చెల్లదు. మూడింటికి పోయినా దొరుకుతోందట, నాలుగింటికి పోయినా దొరుకుతోందట. గుమ్మఘట్ట దాటాక పచ్చ రేకుల కొట్టు కనిపిస్తే, ఆలస్యమైందని దాటిపోకండి. లోపలికి వెళ్లి, బయటివాళ్లకు కనిపించే చోట కూర్చుని తినండి.