గంటకో చిన్న గ్లాసు

"నిన్నెవరు పొయ్యమన్నరమ్మా, గన్ని పాలు ఒక్కపారే?"

"పొయ్యక? ఎండకు ఇరిగిపోతే నువ్వు తాగుతవా?"

"ఇరిగితే పారబొయ్యాలె."

"పాలు పారబోసే ఇంట్ల పుట్టలేదు నేను."

నల్లగొండ దవాఖానలో, మగవాళ్ల వార్డులో, నా పెనిమిటి మంచం పక్కన నర్సమ్మకూ నాకూ జరిగిన కొట్లాట ఇది. నిజాం సర్కారు పోయి పదేళ్లయిన రోజులు. నాకు ముప్ఫై కూడా నిండలేదు. నర్సమ్మ మా హుజూర్‌నగర్ దిక్కు కిరస్తానీ ఇంటి మనిషి. అందుకే మాటకు మాట అనేది.

ఆయనకు జ్వరం తలకెక్కి ఆరు రోజులుగా సోయి లేదు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి రబ్బరు గొట్టం వేశారు. దాని కొసకు గాజు గరాటు పెట్టి, నీళ్లు కలిపిన పాలు గంటకో చిన్న గ్లాసు పోయాలని డాక్టరు చెప్పాడు. పోసే పని నాది. ఆ మధ్యాహ్నం ఎండ చూసి, ముంతలో మిగిలిన నాలుగు గ్లాసులూ ఒకేసారి పోసేశాను.

నర్సమ్మ రోజూ ఆయన మూత్రం చుక్కలు గాజు నాళికలో నీలం మందుకు కలిపి స్పిరిటు దీపం మీద కాచేది. మూత్రంలో చక్కెర పోకుంటే నీలం నీలంగానే ఉంటుంది. పోయినకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగు. పొద్దున ఆకుపచ్చగా ఉన్నది ఇప్పుడు ఇటుక రంగైంది. ఆ గాజు నాళికను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది.

"ఆయనకు చక్కెర బీమారి లేదు. మా ఇంట్ల చక్కెర డబ్బే లేదు," అన్నాను.

పక్క మంచం ముసలాయన నవ్వాడు. నర్సమ్మ నవ్వలేదు. పోయి డాక్టరును పిలుచుకొచ్చింది.

డాక్టరు కోపం చేయలేదు. "చక్కెరను సంబాళించే రసం ఒకటుంటదమ్మా ఒంట్ల. మంచిగున్నోడు పూటకింత తిన్నా అది చాలుతది. గింత జబ్బుల అది సరిగ పనిచెయ్యదు. నువ్వు గిట్ల కుమ్మరిస్తే ఏడ చాలుతది?"

"మనిషన్నోడు మూడు పూటలు తింటడు గద సారు. గంటగంటకు తాగేది పసిపిల్ల."

"అయితే పసిపిల్లనే అనుకో." కాసేపు నా పెనిమిటి చెయ్యి పట్టుకొని నాడి చూశాడు. "రేపు పొద్దుగాల గూడ గిట్లనే ఎర్రగుంటే హైదరాబాద్ పంపాలె. తొవ్వల కుదుపులకు ఆగుతడని మాత్రం చెప్పలేను."

మరుక్షణమే ఎక్కడలేని ఊపు వచ్చింది. చేసింది నేను, దిద్దాల్సింది నేనే. దవాఖాన ముందరి చెట్ల కింది నుంచి ఒడినిండా ఇసుక తెచ్చి, తడిపి, కొత్తగా పాలు కొని పోసిన ముంతను అందులో కూర్చోబెట్టి, పైన తడిబట్ట కప్పాను. ఎండ ఇక ఏం చేస్తుందో చూద్దామనుకున్నాను. నాకు గడియారం చూడరాదు. చదివింది రెండో తరగతి. గంటగంటకూ ఖజానా కాపలా పోలీసు గంట కొట్టినప్పుడల్లా లేచేదాన్ని. ఒక్క గ్లాసు, బట్టతో వడగట్టి, గరాటు ఎత్తి పట్టుకొని, బొట్టుబొట్టుగా. నాలుగు కొట్టింది, పోశాను. ఐదు కొట్టింది, పోశాను. ఆ గంట మోత కోసం అంతగా చెవులు రిక్కించి కూర్చున్నది బతుకులో అదొక్కసారే.

దీపాలు పెట్టేవేళ నర్సమ్మ మళ్లీ నాళిక కాచింది. నేను ఆమె భుజం మీంచి తొంగిచూశాను.

"జర ఎనుకకు జరుగమ్మా, కొంగు అంటుకుంటది."

"అంటుకోనియ్యి. రంగు జెప్పు."

మందు బుడబుడమని ఉడికింది. నీలం పోయింది. ఆకుపచ్చ వచ్చి, అదీ పోయింది. పసుపు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఎర్రగ గాలేదు," అంది నర్సమ్మ.

"గాలేదు," అన్నాను నేను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తప్పైందని నేను అనలేదు, అనే అలవాటు నాకు లేదు. ఆమె చేతిలోని నాళికలు తీసుకొని నేనే తోమి కడిగాను.

"నువ్వు గిట్ల కడిగితే నా కొలువు పోతది," అంది ఆమె.

"పోతే మా ఊరికి రా. నాట్లకు మనుషులు దొరుకుతలేరు."

రాత్రి కూడా ఒక్క గంట తప్పనివ్వలేదు.

మర్నాడు పొద్దున నాళిక ఆకుపచ్చగా నిలిచింది. డాక్టరు వచ్చి చూసి, హైదరాబాద్ చిట్టీ రాయలేదు. ఎనిమిది కొట్టగానే నేను గ్లాసు పాలు పోశాను. గొట్టం కదిలినప్పుడు, ఇన్ని రోజులు కదలని నా పెనిమిటి చెయ్యెత్తి నా మణికట్టు పక్కకు నెట్టాడు.