తలుపు సందులో చెప్పు

సౌదీలో తబూక్ చలి ఎముకలు కొరుకుతుంది. ఆ ఉదయం బస్టాండు వెయిటింగ్ రూములో హీటరు వెలుగుతున్నా, గాలి నేరుగా నా మోకాళ్లకి కొడుతోంది. చూస్తే, తలుపు పక్కన కూర్చున్న మనిషి తన చెప్పొకటి సందులో పెట్టాడు. అంతకుముందు ఫోన్లో తెలుగు మాట్లాడాడు.

"అది తీసేయండన్నయ్యా, చలికి చచ్చిపోతున్నాం" అన్నాను.

తియ్యలేదు.

"సౌదీలు తక్కువున్నరని సర్కారు మా కంపెనీని నితాఖత్ లెక్కల ఎర్ర లిస్టుల పెట్టింది చెల్లె. బయటి దేశపోళ్లకు మనిషికింతని పన్ను పడ్డది. కరెంటు బిల్లు గూడ పెరిగిందని రూముల హీటర్లు గుంజుకపోయిండ్రు. గ్యాసు వంటకే సాలకపాయె. బొగ్గులే అగ్గువని ఇనుప తట్టల అంటుపెట్టుకునేటోళ్లం. పొగ పోవాలని తలుపుల చెప్పు పెడ్తుంటిమి. ఎప్పుడూ నాదే."

వంగి ఆ చెప్పుని సందులోకి ఇంకాస్త నెట్టాడు.

"మొన్న తెల్లారగట్ల అలవాటుల అది తొడుక్కొని డ్యూటీకి పోయిన. లోపట ఇద్దరు పండుకొని ఉండిరి."

నేను నర్సుని. మూసిన గదిలో బొగ్గుపొగ పీల్చినవాళ్లని మా దగ్గరికే తెస్తారు. ఆ ఇద్దరి గురించి అడగలేదు.

"ఇది కరెంటు హీటరే అన్నయ్యా, భయం లేదు" అన్నాను.

"ఎరుకే" అన్నాడు.

అతని బస్సు వచ్చింది. చెప్పు తియ్యడానికి వంగి, బెంచీ మీద నిద్రపోతున్న పాకిస్తానీ ముసలాయన్ని చూసి ఆగిపోయాడు. ఒంటి చెప్పుతోనే వెళ్లి బస్సెక్కాడు.

నా బస్సు మధ్యాహ్నానికి గానీ రాలేదు. అందాకా చలి కొడుతూనే ఉంది. ఆ చెప్పు నేనూ తియ్యలేదు.