పుట్టి మీద పేరు

ఎక్కడో ఏ ఊళ్ళోనో జనాన్ని ఎక్కించుకున్న పడవ మునిగింది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, దాని తర్వాత పెట్టిన కొత్త రూల్సన్నీ వచ్చి శ్రీశైలం డ్యాం వెనకనీళ్ళలో చేపలు పట్టుకునే మా పుట్టుల మీద పడ్డాయి. పడవ ముందుభాగంలో రెండు పక్కలా నంబరు రాయాలి. దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలుండాలి. నల్లటి దాని మీద తెల్లరంగు, తెల్లటి దాని మీద నల్లరంగు వాడాలి. యజమాని పేరు కూడా ఉండాలి, ఏదీ చెరిగిపోకూడదు. ఇదంతా అచ్చువేసి మత్స్యశాఖ ఆఫీసు గోడకు అంటించారు. అది రాసిన మనిషి జన్మలో పుట్టిని చూసి ఉండడని ఒట్టేసి చెప్పగలను.

పుట్టి అంటే వెదురుబద్దలతో అల్లిన పెద్ద గంప. దానికి ప్లాస్టిక్ పట్టా కప్పి, నీళ్ళు చొరకుండా తారు పూస్తారు. గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి దానికి ముందేది, వెనకేది? మా నాయన ఆఫీసుకు పోయి అదే అడిగాడు. ఆఫీసరు కాసేపు ఆలోచించి, "ఏదో ఒక పక్క ముందనుకో పెద్దాయనా" అన్నాడట.

మా ఇంట్లో వల వేసేది నాయన, తెడ్డు వేసేది అమ్మ. తెడ్డు వేసే మనిషి ఎటు కూర్చుంటే పుట్టి అటే సాగుతుంది. అందుకని అమ్మ కూర్చునే చోటికి రెండు పక్కలా నాయన తెల్లరంగుతో నంబరు రాశాడు. నంబరు కింద తన పేరు రాసుకున్నాడు. తెడ్డు వేసే మనిషి పేరు కూడా రాయాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆ ఎండాకాలం నాయన కాలి పుండు ముదిరింది. షుగరు మనిషి, చెబితే వినడు. కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చాం. నేను కర్నూల్లోనే మందుల షాపులో పనిచేస్తాను కాబట్టి ఆయన దగ్గర నేనున్నాను, అమ్మ ఊరికి పోయింది. నీళ్ళలో వేసిన వల అలాగే ఉంది. తీయకపోతే చేపలు కుళ్ళి వల కూడా పాడవుతుంది. ఆమె పుట్టిని ఒక్కతే తీసుకుపోయి, వల లాగి లోపల వేసుకుని తిరిగొస్తుంటే ఆఫీసు మరబోటు అడ్డమొచ్చింది.

ఎండకు తారు కరిగి రాతల మీదికి జారింది. నంబరు తెలుస్తోంది కానీ పేరు మాసిపోయింది. ఆఫీసరు తన ఫోన్లో నంబరు కొట్టి చూసుకుంటూ, యజమాని ఎవరని అడిగాడు. ఆ తర్వాతి మాటలు అమ్మ చెప్పగా విన్నవి.

"మా ఇంటాయనదే సార్."

"పేరు చెప్పమ్మా."

"ఈడ రాసిండాది కదప్పా."

"కనబడట్లేదు. నోటితో చెప్పు."

"మహానందిలో ఉండే సామి పేరే."

"పొడుపు కథలు విప్పడానికా నేనొచ్చింది? మొగుడి పేరు చెప్పలేకపోతే ఈ పుట్టి నీదేనని ఎట్లా నమ్మేది?"

పుట్టికి తాడు కట్టి, వలతో, చేపలతో సహా మరబోటు వెనక ఈడ్చుకుపోయారు. అమ్మను మాత్రం ఒడ్డున దింపారు. అదీ మహోపకారమే.

నాకు ఫోన్ చేసి, "పుట్టి పట్టుకపోయినారు పాపా" అంది.

"నాయన పేరు చెప్తే ఏం పోయేది నీకు?"

"మీ నాయన ఆసుపత్రిలో మంచం మీద ఉండాడు. ఇట్లాంటప్పుడు ఆ పేరు నా నోట్లోనుంచి వస్తే ఆయనకు ఆయుస్సు తరుగుతాది. పుట్టి పోతే పోనీ."

ఆసుపత్రి వార్డని కూడా చూడకుండా అరిచాను. ఆయుస్సు తరిగేది షుగరుతో, పేరుతో కాదని అరిచాను. మాకు సెంటు పొలం లేదు. ఆ పుట్టి లేకపోతే మా నీళ్ళు మా కళ్ళెదుటే ఉన్నా మావి కావు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అంత మంచి నోరు మూసుకుని కూర్చున్నందుకే మా బతుకు పోయింది. ఆఫీసరు మీద ఎంత కోపమొచ్చిందో, అమ్మ మీదా, ఆమెకు పెళ్ళినాడు ఆ బుద్ధులు నూరిపోసిన పెద్దల మీదా అంతే కోపమొచ్చింది. నాయన మంచం మీద పడుకుని అంతా విన్నాడు.

మర్నాడు ఆయన దగ్గర పక్క మంచం వాళ్ళను ఉండమని చెప్పి ఆఫీసుకు పోయాను. పుట్టిని వెనక ఎండలో బోర్లా పడేశారు. తారు బీటలు పారింది. వలలో చేపలు అలాగే ఉన్నాయి, దగ్గరికి పోలేనంత కంపు.

"పేరు నేను చెప్తాను సార్, రాసుకోండి" అన్నాను.

"యజమాని రావాలి."

"ఆసుపత్రిలో ఉన్నాడు."

"తగ్గినాకే రానీ. పుట్టినిక్కడ ఎవరూ ఎత్తుకుపోరు."

గోడ మీది కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాను. పేరు కనబడాలని ఉంది, ఆడమనిషి దాన్ని నోటితో పలకాలని ఎక్కడా లేదు. ఆ మాటే అన్నాను. "చదువుకున్నదానివి, అర్థం చేసుకో" అన్నాడు. ఏమి అర్థం చేసుకోవాలో మాత్రం చెప్పలేదు.

నాయన డిశ్చార్జి అయిన రోజు ఇంటికి కూడా పోకుండా, కాలికి కట్టుతోనే, బస్సు దిగి ఆటో ఎక్కి నేరుగా ఆఫీసుకు వచ్చాడు. అమ్మ ఊరి నుంచి వచ్చి గుమ్మం బయట నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"పుట్టిని మా ఇంటామె పేరుకు మార్చు సార్" అన్నాడు నాయన. "దాని మీద ఆమె పేరే రాస్తా. ఆమె పేరు ఆమె చెప్పుకుంటాది. ఇంగ ఎవురూ ఆపేపని ఉండదు."

ఆసుపత్రిలో పడుకుని ఇన్నాళ్ళూ ఆయన ఆలోచించింది ఇదన్నమాట. నాకు కాస్త ఊపిరాడింది.

"మంచిది. పేరు చెప్పు" అన్నాడు ఆఫీసరు.

నాయన నోరు తెరిచాడు, మూశాడు. నాకు బుద్ధెరిగిన నాటినుంచి ఆయన నోట విన్నవి "ఏమే", "పాప వాళ్ళమ్మా" అనే పిలుపులే. ఆమెను పేరుపెట్టి పిలిచి ఎరగడు. మా ఊళ్ళో మగవాళ్ళెవరూ పిలవరు. చెమట తుడుచుకుని నావైపు చూశాడు. నేను చెప్పలేదు.

ఆఫీసరు నవ్వాడు. పక్కనున్న గుమాస్తా కూడా నవ్వాడు. "పెద్దాయన సిగ్గుపడుతున్నాడు. కుర్చీ వెయ్యండి. మంచినీళ్ళియ్యండి. తొందరేం లేదు పెద్దాయనా, నిదానంగా చెప్పు."

ఒళ్ళు మండిపోయింది నాకు. నడినీళ్ళలో ఒంటరిగా ఉన్న మా అమ్మకు ఈ నిదానంలో పావువంతు ఇచ్చి ఉంటే పుట్టి ఇంట్లో ఉండేది.

"సార్, ఈయన కూడా పేరు చెప్పట్లేదు. పెళ్ళాం పేరు చెప్పలేని మనిషిని ఎట్లా నమ్ముతారు? తాడు కట్టి ఈయన్ని కూడా ఈడ్చుకుపోండి."

నవ్వు ఆగిపోయింది. నాయన తల వంచుకుని అమ్మ పేరు చెప్పాడు. గట్టిగా కాదు, కానీ తలుపు తెరిచే ఉంది. బయట అమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఆ పేరుగల మనిషి ఇంకెవరో వచ్చారనుకుని.